ఎడమ బుగ్గ మీద చుక్క

జూన్ 10, మంగళవారం

పాల సంఘం వాళ్ళు సంక్రాంతికి ముందు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి.

పొద్దున ఐరాల నుంచి బయలుదేరేటప్పుడు అత్త నా కూతురు మోహన ఎడమ బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టింది. నాలుగేళ్ళు నిండబోతున్న పిల్లకు ఇంకా ఏమిటని నేను అనలేదు. తిరుపతి పాస్‌పోర్ట్ ఆఫీసులో మొదటి కౌంటరు అమ్మాయి కాగితాలు చూసింది, మోహన మొహం చూసింది, 'గుర్తు: ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ' అన్న చోట టిక్కు పెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

ఆ మచ్చ సంగతి మాకు పాత హాస్యం. మోహన మస్కట్‌లో పుట్టింది. దానికి ఆరు నెలలప్పుడు మా ఆయన కంపెనీ మూతపడి, వీసాలు అయిపోయి, ఇంటికి రావడానికి ఎంబసీ వాళ్ళు పిల్లకు పాస్‌పోర్ట్ బదులు ఒక్క ప్రయాణానికి పనికొచ్చే తెల్ల కాగితం ఇచ్చారు. ఎంబసీలో బిడ్డ పుట్టిందని పేరు రాయించిన అర్జీకీ ఆ కాగితానికీ ఒకటే ఫోటో. బయట అర్జీలు టైపు చేసే మనిషి ఫోటోలో అత్త పంపిన చాదు చుక్కను చూసి పుట్టుమచ్చ అని కొట్టాడు. ఆ రాత్రి మేమిద్దరం నవ్వుకున్నాము. దిద్దించాలని తోచలేదు. విమానం దొరికితే చాలనుకునే రోజులవి.

ఫోటో కౌంటర్లో అమ్మాయి, "పాప మొహం కొంచెం తుడవండి, చెమట మెరుస్తా ఉంది" అంది. తడి కర్చీఫుతో తుడిచాను. చుక్క నల్లగా సాగి చెవి దాకా పోయింది. ఆ అమ్మాయి నన్ను చూసింది, తెర మీద చూసింది, లేచి లోపలికి వెళ్ళింది.

తర్వాత రఘునాథ్ అనే ఆఫీసరు కూర్చోబెట్టి అడిగాడు. "మచ్చ ఏదమ్మా?"

"మచ్చ మీదే చుక్క పెట్టినాను సార్" అన్నాను.

ఎందుకు అన్నానో నాకు తెలియదు. అది దిష్టి చుక్క సార్, టైపు చేసినాయన పొరపాటు పడినాడు అంటే పోయేది. కానీ ఆ గడియలో నాకు కనపడింది ఒకటే. కాగితంలో మచ్చ ఉన్న పాప. నా ఒళ్ళో మచ్చ లేని పాప.

"చుక్క పోతే మచ్చ కనపడాల కదా?"

"సన్నది సార్. ఒకోసారి కనపడతాది, ఒకోసారి కనపడదు."

ఆయన నవ్వలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. విచారణ చేసి చెప్తామన్నాడు. బస్సులో మోహన నిద్రపోయింది. చిత్తూరు వచ్చేదాకా దాని బుగ్గనే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 11

అత్త అడిగింది, పని అయిందా అని. అయింది అన్నాను.

జూన్ 13

చిత్తూరు పోయి మునిరత్నాన్ని కలిశాను. నెట్ సెంటరాయన. మా అర్జీ నింపింది ఆయనే. పాత కాగితంలో ఏముంటే అదే ఉండాలని, పుట్టుమచ్చను అలాగే దించేశాడు. చిత్తూరులో ఆయనకు తెలియని అర్జీ లేదంటారు. ఆయన నిదానంగా నింపిన అర్జీ కూడా ఒక్కటీ ఉండదు.

జరిగింది చెప్పాను. మౌసు కదిలించడం ఆపలేదు ఆయన.

"ఏంటికమ్మా అట్ల సెప్పినావు? ఇప్పుడు మచ్చ లేదంటే ముందు సెప్పింది అబద్ధమయితాది. ఉండాదంటే సూపియ్యాల."

"లేదని నిజం సెప్పేస్తే?"

"సెప్పు. ఆ కాయితం మీద వచ్చిన పాప వేరే, ఈ పాప వేరే అంటారు. ఆ పాప యాడుండాది, ఈ పాప ఎవురు అని అడగతారు. ఆడ పుట్టినంత మాత్రాన ఆ దేశమోళ్ళు మన బిడ్డను వాళ్ళ బిడ్డ అనరు. మనకు ఆధారం ఎంబసీలో రాయిచ్చిన పేరు ఒకటే. ఆ పేరు ఈ బిడ్డది కాదంటే ఇంగ ఏ దేశం బిడ్డని సెప్తావు?"

రేషన్ కార్డు విషయం చెప్పినట్టు చెప్పాడు.  

"ఫోన్లో పాప ఫోటోలు ఉండాయా?"

"ఉండాయన్నా."

"సుక్క ఎడం బుగ్గ మీద ఉండేటివి పెట్టుకో. వేరే తావ ఉండేటివన్నీ తీసేయ్. నీ ఫోన్లోవీ, మీ ఇంటాయన ఫోన్లోవీ. రేపు ఫోన్ సూపియ్యమంటే మాట మార్చినట్టు ఉండకూడదు."

ఇంత చెప్పి మోహనకు చాక్లెట్ ఇచ్చాడు. థాంక్యూ చెప్పమని నేను దానికి చెప్పాను.

జూన్ 15, ఆదివారం

అత్తకు చుక్క విషయంలో పద్ధతులు ఉన్నాయి. ఇంట్లో ఉంటే గడ్డం మీద. జనంలోకి పోతే బుగ్గ మీద. నిద్రపోయే పిల్లకు అరికాల్లో. ఫోటో తీస్తే మాత్రం ఎడమ బుగ్గ మీద, పెద్దది, ఎందుకంటే ఫోటోను ఎవరెవరు చూస్తారో మనకు తెలియదు. సగ్గుబియ్యం నల్లగా మాడ్చి, నీళ్ళు పోసి ఉడికించి, కొబ్బరి చిప్పలో ఆరబెడుతుంది. వేలు తడిపి రుద్దితే చాదు వస్తుంది. నా కడుపులో మోహన ఉండగానే ఊరివాళ్ళ చేత ఒక చిప్ప మస్కట్‌కు పంపింది.

అయితే ఇంట్లో మేము తీసుకునే ఫోటోలకు ఆ పద్ధతి ఎవరు పాటిస్తారు. ఎక్కడుంటే అక్కడే ఉండేది చుక్క.

అవన్నీ ఫోన్‌లో నుంచి తీసేశాను ఈ రోజు. గడ్డం మీద చుక్కతో పాకుతున్నది. తీసేశాను. కుడి బుగ్గ మీద చుక్క, నోటి నిండా ఉగ్గు. తీసేశాను. స్నానం చేయించి తువ్వాల్లో చుట్టింది, చుక్కే లేదు. దాన్ని కొంచెం సేపు చూసి తీసేశాను.

మా ఆయనకు ఫోన్ చేసి ఆయన్ని కూడా తీసేయమన్నాను. శేఖర్ రెండేళ్ళుగా మళ్ళీ మస్కట్‌లోనే ఉన్నాడు. ఇప్పటిది మంచి కంపెనీ, మా ఇద్దరికీ వీసా ఇస్తామన్నారు. మోహన పాస్‌పోర్ట్ వస్తే పోవడమే. ఫోటోలు తీసేయమనగానే నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"నా తావ ఉండేది అవే కదా లోకా."

"బిడ్డ కావాల్నా, ఫోటోలు కావాల్నా?"

అలా అడిగి ఉండకూడదు. సాయంత్రం మెసేజ్ పెట్టాడు. అయిపోయింది అని.

జూన్ 16

ఇప్పుడు అన్నింటిలోనూ ఎడమ బుగ్గే. పని బాగానే అయింది.

జూన్ 20

చాదు చుక్క గుండ్రంగా పెద్దగా ఉంటుంది, మచ్చలాగా కనపడదు. కళ్ళకు గీసుకునే గోధుమరంగు పెన్సిలు కొన్నాను. పొద్దున లేవగానే పెడుతున్నాను. ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు. ఇది మోసం కాదు. నా బిడ్డ నా బిడ్డే. ఆ కాగితంలో ఉన్నది అదే. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించడానికే కదా ఇదంతా.

"అవ్వ పెట్టింది కదమ్మా, మళ్ళ ఇంకోటి ఏంటికి?" అంది మోహన.

"రెండు పెడితే మంచిది."

"మూడు?"

ఒక్క దెబ్బ వేశాను. చిన్నదే. దానికంటే ఎక్కువ సేపు నేను ఏడ్చాను.

జూన్ 24

విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు, బాలసుబ్రమణ్యం అట. బండి మా అరుగు ముందు ఆగగానే నేను లోపలికి పోయి పెన్సిలు వెతుక్కున్నాను. మోహన అప్పటికే దూడ దగ్గర ఉంది, మొహం కడిగి ఉంది. బయటికి పోతే అతని ఎదుటే పెట్టాలి.

అత్త మజ్జిగ ఇచ్చింది. అతను మర్యాదగానే అడిగాడు. ఎప్పటి నుంచి ఉన్నారు, నాయన ఏం చేస్తాడు, పాపను ఎప్పుడు తెచ్చారు. తర్వాత, "పాపకు గుర్తులేమన్నా ఉండాయా అవ్వా?" అన్నాడు.

"మా అమ్మణ్ణికా?" అత్త గొంతులో ఆ గర్వం నేను తలుపు వెనక నుంచి విన్నాను. "ఒళ్ళంతా ఎతికినా ఒక్క మచ్చ లేదు నాయనా. ముత్యం మాదిరి ఉండాది. అందుకే కదా దిష్టి ఎక్కువ. రోజూ నేనే సుక్క పెడతా ఉండాను."

"పుట్టుమచ్చ కూడా లేదా?"

"లేదంటే లేదు. కావాలంటే సూసుకో."

మోహనను పిలిచి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించింది. అతను రాసుకున్నాడు. నేను పెన్సిలు పట్టుకుని తలుపు వెనకే నిలబడ్డాను. అతను పోయాక అత్త మీద అరిచాను, దూడను సరిగా కట్టలేదని. అత్త నన్ను వింతగా చూసింది.

ఆమె చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం అంతా నాది, అది అబద్ధమని ఆమె ఇప్పుడు సాక్ష్యం చెప్పింది.

జూన్ 25

బండి చప్పుడు ఏది వినపడినా లేచి పెన్సిలు వెతుక్కుంటున్నాను. పాల బండికి కూడా.

జూన్ 30, సోమవారం

లెటర్ వచ్చింది. బిడ్డ గుర్తింపు గురించి నేను చెప్పినదానికీ విచారణలో తెలిసినదానికీ పొంతన లేదట. జులై 14న తిరుపతిలో హాజరు కావాలి. బిడ్డను వెంట తేవాలి. పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలు తేవాలి.

పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలు.

గడ్డం మీద చుక్క, కుడి బుగ్గ మీద చుక్క, తువ్వాల్లో అసలు చుక్కే లేనిది. ఒకే పిల్ల మొహం మీద చుక్క తలా ఒక చోట ఉంటే, అది మచ్చ కాదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అవి ఉంటే చాలు. వాటిని కూర్చుని ఒక్కొక్కటే తీసేసింది నేను. ఆయన చేత కూడా తీసేయించింది నేను. ఫోన్‌లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను, అంత జాగ్రత్తగా.

మునిరత్నానికి ఫోన్ చేస్తే, "ఎడం బుగ్గవి ఉండాయి కదమ్మా, అవి సూపియ్యి" అన్నాడు.

"అవి సూపితే మచ్చ ఉండేటట్టే కదన్నా. ఇప్పుడేదీ అంటారు."

కొంచెం ఆలోచించాడు. "అట్లయితే మచ్చ పెట్టిచ్చేయ్. పచ్చబొట్టు. ఒక్క సుక్క. సీమ కుట్టినంత. ఎవురికి తెలస్తాది?"

ఫోన్ పెట్టేశాను. అలాంటి మాట అన్నందుకు తిట్టి ఉండాల్సింది. తిట్టలేదు.

జులై 2

అలిపిరికి పోయి వచ్చాము. మెట్లకు దండం పెట్టుకున్నాము. మోహనకు గాజులు కొన్నాను. వచ్చేశాము. అంతే.

జులై 3

అంతే అని రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయలేకపోయాను.

దారి పక్కన గొడుగు కింద పచ్చబొట్లు పొడిచే ఆమె ఉంటుంది. అట్ట మీద నెమళ్ళు, నామాలు, పేర్లు. మోహన నెమలి కావాలంది. నేను ఆమెకు ఎడమ బుగ్గ చూపించి, ఒక్క చుక్క చాలు అన్నాను.

"మొగం మీదనా? ఇంత బిడ్డకా?"

"మొక్కుండాదక్కా." దేవుడి పేరు మీద, దేవుడి మెట్ల దగ్గర, అది కూడా అన్నాను.

ఆమె దూదితో బుగ్గ తుడిచింది. చల్లగా ఉండాదమ్మా అని మోహన నవ్వింది. మిషన్ గుర్రుమనగానే నవ్వు ఆగిపోయింది.

"నొస్తాదామ్మా?"

"లేదు."

నేను లేదన్నాను కాబట్టి అది కళ్ళు మూసుకుని, బుగ్గ ముందుకు పెట్టింది. ఏడవలేదు, పెనుగులాడలేదు. ముద్దు కోసం పెట్టినట్టు పెట్టింది.

సూది తగలకముందే దాన్ని చంకనేసుకుని లేచాను. ఆమె ఏదో అరుస్తున్నా వినిపించుకోలేదు. బస్టాండు దాకా దించలేదు దాన్ని. ఎవడో కాగితంలో తప్పు కొట్టాడని నా పిల్ల మొహం దిద్దబోయాను. నా మీద నాకు భయం వేస్తోంది. ఇన్నాళ్ళూ ఆఫీసు వాళ్ళు ఏం చేస్తారో అని భయపడ్డాను కానీ, నేను ఏం చేస్తానో అని కాదు.

జులై 6, ఆదివారం

అత్తకు అంతా చెప్పేశాను. అలిపిరి కూడా.

 చెప్పడం అయిపోయాక, "బిడ్డను తీస్కపోతారా?" అంది.

"తెలీదత్తా."

"నేను పెట్టిన సుక్కకా?"

లేచి పోయి గూట్లోని కొబ్బరి చిప్ప తీసింది. పెరట్లో పేడకుప్ప మీదికి విసిరేసింది. "ఇంగ పెట్టను" అంది. కొట్టంలోకి పోయి ఆవు పక్కన కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టడానికి మా అత్త జ్ఞానాంబమ్మకు ఎప్పుడూ మాటలు తక్కువ కాలేదు.

జులై 7

పొద్దున పాలు పిండుతుంటే అత్త వచ్చి నిలబడింది.

"ఫోటోలన్నీ పీకేసినావు కదా?"

"అవునత్తా."

"తలకాయ పైకెత్తి సూడు మే."

ఎత్తాను. కొట్టం కప్పు నుంచి మోహన నన్ను చూసి నవ్వుతోంది. బోర్లా, గజం వెడల్పు మొహంతో.

దాని మొదటి పుట్టినరోజుకు శేఖర్ స్నేహితులు వేయించిన ఫ్లెక్సీ అది. ఐరాల సెంటర్లో కట్టారు. పండగ అయిపోయాక అన్ని ఫ్లెక్సీలకూ పట్టే గతే పట్టింది, వాన కారకుండా కొట్టం మీదికి ఎక్కింది. బిడ్డ మొహం ఎండలో పెడతారా అని అత్త గొడవ చేసి, బొమ్మ లోపలికి ఉండేలా వేయించింది. మూడేళ్ళుగా రెండు పూటలా దాని కిందే కూర్చుని పాలు పిండుతున్నాను. చూడలేదు. ఆవు చూసి ఉంటుంది.

నడుమ పెద్ద బొమ్మ మస్కట్‌లో తీసిన ఫోటోనే, కాగితంలో ఉన్నదే. ఎడమ బుగ్గ మీద పెద్ద చుక్క. దాని చుట్టూ పూల చట్రాల్లో చిన్న బొమ్మలు. పాకుతున్నది, గడ్డం మీద చుక్క. ఉగ్గు తింటున్నది, కుడి బుగ్గ మీద చుక్క. తువ్వాల్లో ఉన్నది, చుక్క లేదు. కింద నల్ల కళ్ళద్దాలతో ఆయన స్నేహితులు వరసగా, శుభాకాంక్షలు చెబుతూ, తేదీ, సంవత్సరంతో సహా.

లేచేసరికి కాలు తగిలి పాల చెంబు ఒలికిపోయింది.  అత్త నిచ్చెన తెచ్చింది.

జులై 8

సబ్బుతో కడిగాము. ఒక మూల ఎలుక కొరికింది, ఒక స్నేహితుడి తల పోయింది. మోహన బొమ్మలు అన్నీ బాగున్నాయి. శేఖర్‌కు వీడియోలో చూపించాను. ఫోన్ పక్కకు తిప్పేసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నట్టు ఉంది.

జులై 13

రేపే.

వాన పడింది. కప్పు లేని కొట్టంలో ఆవు తడిసింది. అత్త దాన్ని వసారాలోకి తెచ్చి కట్టింది.

ఏం చెప్పాలో అనుకుంటున్నాను. నిజం చెప్తే ముందు అబద్ధం చెప్పినట్టు ఒప్పుకున్నట్టే. సంతకం ఉంది. అబద్ధం చెప్పిన మనిషి మాట ఎందుకు నమ్మాలి అంటారు. అక్కడే కూర్చోబెట్టి, పాపను ఇంకో గదిలోకి తీసుకుపోతే ఏం చేయాలి? దానికి కొత్తవాళ్ళంటే భయం. ఒక్కతే అన్నం తినదు. నిద్ర వస్తే నా చెవి తమ్మె పట్టుకోవాలి. ఇవన్నీ ఎవరికి చెప్పి రావాలి?

పెన్సిలు పొయ్యిలో వేశాను.

జులై 14, సోమవారం

అత్త కూడా వస్తానంది. వద్దంటే వినలేదు. నేను ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకున్నాను. బస్సులో కండక్టరు, "ఏం పార్టీ అమ్మా?" అన్నాడు. అత్త, "మా పార్టీనే" అంది. నేను నవ్వలేకపోయాను. 

రఘునాథ్ గదిలో కూర్చున్నాము. ఆయన ముందు నేను సంతకం పెట్టిన కాగితం ఉంది. మోహన బుగ్గ చూశాడు. ఏమీ లేదు ఆ బుగ్గ మీద.

"చెప్పండమ్మా."

"మచ్చ లేదు సార్. పుట్టినప్పటి నుంచీ లేదు. అది దిష్టి సుక్క. ఆ పొద్దు నేను సెప్పింది అబద్ధం."

"ఎందుకు చెప్పారు?"

"భయమేసింది సార్."

"దేనికి?"

 మోహన వింటోంది. "బిడ్డను తీస్కపోతారని" అన్నాను, వీలైనంత చిన్నగా. అది వెంటనే నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఫోటోలు తెచ్చారా?"

చుట్ట విప్పాను. గదిలో పట్టలేదు. కుర్చీలు జరిపి, తలుపు తీసి, సగం వసారాలోకి పరిచాము. పేడ వాసన ఇంకా పోలేదు. బయట కూర్చున్న వాళ్ళు లేచి వచ్చి చూశారు. మోహన తన మొహం మీద తనే ఎక్కి కూర్చుంది.

ఆయన తెర మీది ఫోటోకూ నడిమి బొమ్మకూ పోలిక చూశాడు. ఒకటే. తర్వాత వంగి చుట్టూ ఉన్నవి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఫ్లెక్సీ వాళ్ళు మచ్చలు తుడిచేస్తారు కదమ్మా. మా తమ్ముడి పెళ్ళి ఫ్లెక్సీలో నన్ను మా అమ్మే గుర్తుపట్టలేదు."

 దారి పొడవునా అనుకున్న మాటలన్నీ పోయాయి. మిగిలింది చెప్పాను. "తుడిసేటోడు నడిమి బొమ్మలో ఏంటికి వదిలేస్తాడు సార్? ఈడ తుడిసి, గడ్డం మీద ఏంటికి పెడతాడు?"

 అప్పుడు అత్త కొంగు ముడి విప్పింది. కొబ్బరి చిప్ప. పేడకుప్ప మీది నుంచి ఎప్పుడు తెచ్చి కడిగిందో నాకు తెలియదు.

"ఇదే నాయనా నేను పెట్టేది."

"ఒకసారి పెట్టి చూపించవ్వా."

"ఊరికే పెట్టేది గడ్డం మీద. బుగ్గ మీద పెద్దది ఫోటో తీస్తేనే."

 ఆయన జేబులో నుంచి ఫోన్ తీసి, మోహన వైపు పట్టుకున్నాడు. "తీస్తా ఉన్నానవ్వా."

అత్త వేలు నాలుక మీద తడుపుకుంది. చిప్పలో రుద్దింది. మోహన అలవాటుగా ఎడమ బుగ్గ తిప్పింది. చుక్క పడింది. ఆయన ఫోటో తీసి, తెర మీది ఫోటో పక్కన పట్టాడు. అదే బుగ్గ, అదే చోటు, అంతే పెద్దది. మస్కట్‌లో పెట్టిన వేలు నాదే అయినా పద్ధతి ఆమెదే కదా.

అయినా అయిపోలేదు. డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నాడు, చెంప మీద మచ్చ గానీ, మచ్చ తీయించిన గుర్తు గానీ లేదని. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పోయాము. డాక్టరు నూనెతో చుక్క తుడిపించి, లైటు వేసి, చర్మం వేళ్ళతో లాగి చూశాడు. "సూదులు గానీ, లేజరు గానీ పెట్టించారా ఎప్పుడైనా?" అని అడిగాడు.

లేదు అన్నాను. నిజమే చెప్పాను. గొడుగు కింద ఆ మిషన్ గుర్రుమన్నది గుర్తొచ్చింది. అప్పుడు నేను ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే ఆ లైటు కింద కనపడేది. నా చేతులతో నేనే దాన్ని వేరే పాపను చేసి ఉండేదాన్ని. 

సర్టిఫికెట్ తెచ్చి రఘునాథ్‌కు ఇచ్చాము. కొత్తగా చెప్పింది రాసుకుని సంతకం తీసుకున్నాడు. శేఖర్ కూడా అక్కడి ఎంబసీలో రాసి ఇవ్వాలట. పై ఆఫీసుకు పంపిస్తామన్నాడు. అవుతుందని గానీ కాదని గానీ అనలేదు. ఫ్లెక్సీకి ఫోటోలు తీసుకుని, దాన్ని మాకు ఇచ్చేశాడు.

జులై 22

ఏమీ రాలేదు. అత్త ఫ్లెక్సీని కొట్టం మీద వేయనివ్వడం లేదు. చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఆవు ఇంకా వసారాలోనే ఉంది.

జులై 28

మెసేజ్ వచ్చింది. పాత అర్జీ కొట్టేశారు. దిద్దిన అర్జీతో, కొత్త ఫోటో తీయించుకోవడానికి రేపు రమ్మన్నారు. పై ఆఫీసు ఒప్పుకున్నట్టే అని మునిరత్నం అంటున్నాడు. ఆయన మాట నేను నమ్మను. అయినా రెండుసార్లు చెప్పించుకున్నాను.

జులై 29, మంగళవారం

అత్త తెల్లవారే లేచి మోహనకు తల దువ్వింది. చిప్ప తీసుకుని నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"వద్దత్తా."

"ఫోటో తీస్తారు కదే."

"వద్దు."

"ఆ ఫోటో ఎంతమంది సూస్తారో. విమానం కాడ సూస్తారు, ఆ దేశంలో సూస్తారు. ఉత్త మొగంతో పంపియ్యమంటావా?" చిప్ప అంచు కొంగుతో తుడిచింది. "మీరు పోతే మళ్ళ నేను పెట్టేదానికి ఉండదు."

ఆ మాట నేను ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా అనుకోలేదు. పాస్‌పోర్ట్ రాకపోతే ఏమవుతుందో అనే భయపడుతూ ఉన్నాను. వస్తే ఏమవుతుందో ఆమె ఒక్కతే ఆలోచించుకుంటూ ఉంది. 

చిప్ప నేనే తీసుకున్నాను. మోహనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు తడుపుకుని, ఎడమ అరికాల్లో పెట్టాను. పెద్దది. ఆరేదాకా ఊదాను. అది కితకితలకు మెలికలు తిరిగింది. చెప్పులు తొడిగాను. అత్త బుగ్గలు పట్టుకుని ఉత్త మొహం చూసింది, తర్వాత కాళ్ళ వైపు చూసింది. 

తిరుపతిలో ఫోటో తీశారు. ఈసారి ఎవరూ తుడవమనలేదు. కౌంటరు అమ్మాయి చదువుతూ పోయింది. పుట్టిన చోటు మస్కట్. పౌరసత్వం భారతీయురాలు. ఆ మాట దగ్గర ఆమె ఆగలేదు, నేను ఆగాను. తర్వాత, "ఒంటి మీద గుర్తులు ఏమీ లేవు. అంతే కదమ్మా?" అంది.

అంతే అన్నాను. సంతకం పెట్టాను.

బస్సులో మోహన కాలు ఒళ్ళో పెట్టుకుని, చుక్క చూసుకోవాలని చెప్పు విప్పబోయింది. ఇల్లు చేరేదాకా ఆ కాలు నేను చేత్తో పట్టుకునే కూర్చున్నాను.